అక్షరం, వర్ణం, సంకేతం: నంద్యాల, ఆళ్లగడ్డ పేర్ల ఆధారంగా తెలుగు కంప్యూటింగ్ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు పాఠాన్ని కంప్యూటర్‌లో భద్రపరిచేటప్పుడు, విశ్లేషించేటప్పుడు, మొబైల్ తెరపై చూపేటప్పుడు కొన్ని చిక్కులు పదే పదే ఎదురవుతాయి. వాటిని సాధారణంగా ప్రోగ్రామర్ల సమస్యలుగానే పరిగణిస్తున్నారు. వాటిలో అధిక భాగానికి మూలం లిపి స్వభావంలోనూ, 1980ల నుంచి ఆ లిపికి సంకేతాలు కేటాయించిన తీరులోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. నంద్యాల, ఆళ్లగడ్డ అనే రెండు ఊళ్ల పేర్లను ఉదాహరణలుగా తీసుకొని, డేటాబేస్, దత్తాంశ విశ్లేషణ, మొబైల్ రంగాల్లో వచ్చే సమస్యలను, వాటి పరిష్కారాలను చారిత్రక క్రమంలో పరిశీలించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: తెలుగు లిపి, అక్షరం, యూనికోడ్, ఇస్కీ, డేటాబేస్, దత్తాంశ విశ్లేషణ, మొబైల్, నంద్యాల, ఆళ్లగడ్డ, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

సాహిత్య పరిశోధన ఇప్పుడు గ్రంథాలయపు బీరువాలకు పరిమితమై లేదు. పరిశోధకుడు అంతర్జాలంలో శాసన పాఠాలను వెతుకుతాడు, క్షేత్రపర్యటనలో సేకరించిన పదాలను పట్టికలుగా కూర్చుకుంటాడు, ఒక కవి పదప్రయోగాల సంఖ్యను యంత్రంతో లెక్కిస్తాడు, జానపదుల మాటలను ఫోన్‌లోనే రాసుకుంటాడు. ఈ పనులన్నింటిలోనూ తెలుగు పాఠాన్ని యంత్రం ఎలా చూస్తున్నదనే ప్రశ్న ఇమిడి ఉంది. ఆ ప్రశ్నను పట్టించుకోకపోతే ఫలితాలు తప్పుగా వస్తాయి. తప్పు వచ్చిందన్న సంగతి కూడా చాలాసార్లు తెలియదు.

ఈ పరిశీలనకు రెండు ఊళ్ల పేర్లను ఎంచుకోవడానికి కారణముంది. నంద్యాల నవనందుల క్షేత్రంగా ప్రసిద్ధం. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. నవనారసింహ క్షేత్రమైన అహోబిలం ఆ మండలంలోనే ఉంది. రెండు పేర్లలోనూ సంయుక్తాక్షరాలున్నాయి. మొదటి పేరులో సున్న, గుణింతం కలిసి వచ్చాయి. రెండవ పేరును తెలుగులోనే రెండు విధాలుగా రాస్తారు. ఇంతకుమించి, పేరు మార్పు అనే విషయానికి నంద్యాలకు చారిత్రక సంబంధం ఉంది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ సమావేశాలు జరిగినప్పుడు దత్తమండలాలు అనే పేరును తొలగించి ‘రాయలసీమ’ అనే పేరును స్వీకరించారు. ఆ పేరును సూచించినవాడు చిలుకూరి నారాయణరావు. ఒక పేరు మారితే పాత పత్రాలకూ కొత్త పత్రాలకూ మధ్య లంకె ఎలా నిలుస్తుందన్నది నేటి డేటాబేస్ నిర్మాతకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

2. లెక్కలో తేడా: వర్ణం, అక్షరం, కోడ్ పాయింట్

‘నంద్యాల’లో ఎన్ని అక్షరాలని ఛందస్సు చదివిన విద్యార్థిని అడిగితే మూడని చెబుతాడు: నం, ద్యా, ల. రెండు గురువులు, ఒక లఘువు, అంటే తగణం. ‘ఆళ్లగడ్డ’లో నాలుగు: ఆ, ళ్ల, గ, డ్డ. గురువు, లఘువు, గురువు, లఘువు. వ్యాకరణం చదివినవాడు వర్ణవిభాగం చేస్తే మొదటి పేరులో ఎనిమిది వర్ణాలు, రెండవ పేరులో తొమ్మిది వర్ణాలు తేలుతాయి. యంత్రం చెప్పే లెక్క ఈ రెండింటికీ భిన్నం.

| పేరు | అక్షరాలు | వర్ణాలు | యూనికోడ్ కోడ్ పాయింట్లు | యుటిఎఫ్-8 బైట్లు |
|---|---|---|---|---|
| నంద్యాల | 3 | 8 | 7 | 21 |
| ఆళ్లగడ్డ | 4 | 9 | 8 | 24 |

యూనికోడ్‌లో ‘నంద్యాల’ ఇలా నిలవ ఉంటుంది: న, సున్న, ద, పొల్లు గుర్తు, య, ఆకారపు గుణింతం, ల. మొత్తం ఏడు. ఇక్కడ ‘న’ అనే సంకేతంలో అకారం కలిసే ఉంది. కాబట్టి అది శుద్ధవర్ణం కాదు. ‘ద్యా’ నాలుగు సంకేతాలుగా విడిపోయింది కాబట్టి అది అక్షరమూ కాదు. కోడ్ పాయింటు వర్ణానికీ అక్షరానికీ మధ్యనున్న మూడవ ప్రమాణం. మన వ్యాకరణంలోగానీ, ఛందశ్శాస్త్రంలోగానీ దానికి సమానమైన భావన లేదు. ఈ వ్యాసంలో చర్చించే సమస్యల్లో అధిక భాగం ఈ మూడు ప్రమాణాలను ఒకటిగా భావించడం వల్ల పుట్టినవే.

3. సంకేతాల స్థాపన: 1986 నుంచి 1991 వరకు

ఈ మూడవ ప్రమాణం ఎలా వచ్చిందో చూడాలి. భారతీయ లిపులను కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రయత్నాల్లో ప్రధానమైనది కాన్పూర్ ఐఐటీలో జరిగిన జిస్ట్ పరిశోధన. ఆ తరువాత అది పుణెలో 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థలో కొనసాగింది. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ప్రామాణికం చేసింది. 1988లో ఇస్కీ అనే సంకేత పద్ధతి వెలువడింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ 13194గా స్వీకరించింది.

ఇస్కీ రూపకర్తలు ఒక కీలకమైన భాషాశాస్త్ర నిర్ణయం తీసుకున్నారు. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నింటికీ వర్ణక్రమం ఒకటే గనుక, అన్నింటికీ ఒకే సంకేతాల వరుసను కేటాయించారు. దేవనాగరి ‘క’కూ తెలుగు ‘క’కూ సంకేతం ఒకటే. ఏ లిపిలో చూపాలన్నది వేరొక గుర్తు నిర్ణయిస్తుంది. పాఠాన్ని కంటికి కనిపించే ఆకారాల వరుసలో కాకుండా పలికే వరుసలో భద్రపరచాలన్నది రెండవ నిర్ణయం. సంయుక్తాక్షరానికి విడి సంకేతం ఇవ్వకుండా, హల్లుల మధ్య పొల్లు గుర్తును ఉంచి సూచించడం మూడవది. వేలాది సంయుక్త రూపాలున్న లిపులను పరిమితమైన స్థానాల్లో ఇమడ్చడానికి ఇది సమర్థమైన మార్గం.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు ఇస్కీ 1988 అమరికను ఆధారంగా తీసుకుంది. ఒక్కొక్క లిపికి విడిగా 128 స్థానాల గదిని కేటాయించింది. దశాంశ లెక్కలో 3072 నుంచి 3199 వరకున్న స్థానాలు తెలుగువి. ఇస్కీలోని సమాంతర క్రమం ఇక్కడా నిలిచింది.

అదే సంవత్సరం నవంబరులో నంద్యాల లోక్‌సభ ఉపఎన్నికలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ‘వేయిపడగలు’ను హిందీలోకి అనువదించిన ఈ రచయిత 1980లలోనే కంప్యూటర్ నేర్చుకొని, బేసిక్, కోబాల్ భాషల్లో ప్రోగ్రాములు రాయడం అభ్యసించిన సంగతి ఆయన జీవితచరిత్రల్లో నమోదైంది. సంకేతాల నిర్ణయంతో ఆయన ఎన్నికకు సంబంధం లేదు. అయితే భాషాపాండిత్యం, ప్రోగ్రామింగ్ ఒకే వ్యక్తిలో కలవడం అసహజం కాదని చెప్పడానికి నంద్యాల ప్రతినిధే ఒక నిదర్శనం. ఆ తరువాతి దశాబ్దాల్లో మన విద్యావ్యవస్థలో ఈ రెండూ వేర్వేరు శాఖలుగానే సాగాయి.

4. ఫాంట్ల దశ: కనిపించే అక్షరం, అందని పాఠం

ప్రమాణం 1991లోనే వచ్చినా సామాన్యుల కంప్యూటర్లలో అది పనిచేయడానికి దశాబ్దం పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్ సదుపాయం లభించింది. ఈ విరామంలో ముద్రణ రంగం తన దారి తాను వెతుక్కుంది. అను వంటి ఫాంట్లు డీటీపీ కేంద్రాల్లో స్థిరపడ్డాయి. ఈ ఫాంట్లు ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల తునకలను ఉంచాయి. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, గుణింతపు కొమ్ము మరొకచోట ఉంటాయి. కాగితం మీద అచ్చు అందంగా వస్తుంది. ఫైలు లోపల ఉన్నది మాత్రం అర్థంలేని లాటిన్ చిహ్నాల వరుస.

విదేశాల్లోని తెలుగువారు ఇదే కాలంలో మరొక మార్గంలో కృషి చేశారు. రైస్ విశ్వవిద్యాలయ విద్యార్థుల కృషితో వచ్చిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి తెలుగును ఆంగ్ల కీబోర్డు మీద రాసే వీలు కల్పించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన ఫాంటును రూపొందించారు. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ ఉపకరణం వార్తాపత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైంది.

ఫాంట్ల దశ మిగిల్చిన సమస్య నేటికీ పరిశోధనను బాధిస్తున్నది. 2009 నాటి యూజీసీ నిబంధనలు పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించాలని నిర్దేశించాయి. అవి శోధగంగలో చేరుతున్నాయి. పాత పద్ధతి ఫాంటులో కూర్చిన గ్రంథాన్ని పీడీఎఫ్‌గా చేస్తే అది కంటికి తెలుగే. వెతుకులాట యంత్రానికి మాత్రం తెలుగు కాదు. అహోబిలం మీద రాసిన అధ్యాయం అందులో ఉన్నా, ‘అహోబిలం’ అని వెతికితే దొరకదు. గ్రంథం ఉంది, దారి లేదు. పరిష్కారం కష్టమేమీ కాదు. మూల ఫైలును యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిన సంయుక్తాక్షరాలను చేత్తో సరిదిద్ది, ఆ తరువాతే పీడీఎఫ్ తయారుచేయాలి. మార్పిడి ఉపకరణాలు తరచు తడబడేది ఒత్తులు, అరుదైన సంయుక్తాల దగ్గరే. ఆ సవరణ చేయగలిగినవాడు భాష తెలిసినవాడే.

5. డేటాబేస్‌లో ఊరి పేరు

5.1 గడి వెడల్పు. డేటాబేస్‌లో ప్రతి గడికీ ఒక హద్దు ఉంటుంది. ఒరాకిల్ వంటి వ్యవస్థల్లో ఆ హద్దును సాధారణంగా బైట్లలో లెక్కిస్తారు. ఊరి పేరుకు 20 బైట్లు చాలునని ఆంగ్ల దృష్టితో నిర్ణయించిన గడిలో ‘నంద్యాల’ పట్టదు. దానికి 21 బైట్లు కావాలి. యుటిఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు అవసరం కావడమే దీనికి కారణం. మూడక్షరాల ఊరు 20 స్థానాల గడిలో ఇమడలేదంటే నమ్మశక్యంగా ఉండదు. హద్దును బైట్లలో కాక సంకేతాల సంఖ్యలో నిర్వచించడం, దానిని ఉదారంగా ఉంచడం దీనికి పరిష్కారం.

5.2 ప్రశ్నార్థకాలు. పట్టికలో తెలుగు పేరు చేర్చితే వరుసగా ప్రశ్నార్థకాలు కనిపించడం మరొక సుపరిచితమైన చిక్కు. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0 కూర్పుకు ముందు లాటిన్ అక్షరాలనే స్వతస్సిద్ధంగా భావించేది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ రకపు గడిని ఎంచుకొని, పాఠానికి ముందు ‘ఎన్’ అనే ఉపసర్గ పెట్టకపోతే ఇదే ఫలితం వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. తెరమీద తప్పుగా కనిపించే పాఠాన్ని మళ్లీ సరిచేయవచ్చు. ప్రశ్నార్థకంగా నిలవ అయిన పాఠం శాశ్వతంగా పోయినట్టే. యుటిఎఫ్-8 ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు కనిపించే వింత చిహ్నాలు మొదటి రకానికి చెందినవి. పాఠం చెడలేదు, దాన్ని చదివే పద్ధతి తప్పింది. పరిశోధకులు ఈ రెండింటి తేడా తెలుసుకుంటే విలువైన క్షేత్ర దత్తాంశాన్ని తొందరపడి చెరిపేసే ప్రమాదం తప్పుతుంది.

5.3 రెండు వర్ణక్రమాలు. ‘ఆళ్లగడ్డ’ అనీ ‘ఆళ్ళగడ్డ’ అనీ రెండు రూపాలు వాడుకలో ఉన్నాయి. పాఠకునికి రెండూ ఒకే ఊరు. యంత్రానికి నాలుగవ సంకేతం వేరు కాబట్టి రెండు ఊళ్లు. ఒక రూపంతో వెతికితే రెండవ రూపంలో ఉన్న నమోదులు రావు. తొలి తెలుగు శాసనాల్లో ఒకటిగా పేరొందిన కలమళ్ల శాసనం విషయంలోనూ ఇదే పరిస్థితి. ఆంగ్లంలో నిలవ చేసిన పేర్లతో చిక్కు మరింత పెరుగుతుంది. ఆంగ్ల లిపిలో ఆకార దీర్ఘమూ, లకార ళకారాల భేదమూ నిలవవు. అలా నమోదైన పేరును యంత్రం తిరిగి తెలుగులోకి మార్చితే ఆళ్లగడ్డ ‘అల్లగడ్డ’ అయ్యే అవకాశం ఉంది. రిజిస్ట్రేషన్ శాఖలో 1998లో మొదలైన కార్డ్ పథకం నుంచి 2011 నాటి మీసేవ, 2015 నాటి మీభూమి వరకు రాష్ట్రంలో భూమి, వ్యక్తి వివరాలు క్రమంగా యంత్రం చేతికి చేరాయి. అటువంటి వ్యవస్థల్లో ఒక పేరు రెండు రూపాల్లో ఉంటే ఒక మనిషి ఇద్దరు మనుషులుగా, ఒక ఊరు రెండు ఊళ్లుగా చలామణి అవుతాయి. వర్ణక్రమ చర్చ ఇక్కడ పండితుల వినోదం కాదు, రైతు హక్కుకు సంబంధించిన విషయం. ప్రతి ఊరికీ ఒక స్థిరమైన సంఖ్యా సంకేతం ఇచ్చి, దానికింద రూపభేదాలన్నింటినీ విడి పట్టికలో చేర్చడమే దీనికి సరైన పరిష్కారం. నిఘంటుకర్త ఒక ఆరోపం కింద రూపాంతరాలను చూపడం వంటిదే ఇది.

5.4 ఒకే అక్షరానికి రెండు నిలవలు. కనిపించే రూపంలో ఏ భేదమూ లేకున్నా నిలవలో భేదం ఉండవచ్చు. ‘కైఫీయత్తు’లోని మొదటి అక్షరం దీనికి మంచి ఉదాహరణ. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ నిలవ చేయవచ్చు, ఎత్వం, దానికింద ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ నిలవ చేయవచ్చు. యూనికోడ్ ఈ రెండింటినీ సమానాలుగా ప్రకటించింది. ప్రోగ్రాము మాత్రం తనంతట తాను ఆ సమానత్వాన్ని గుర్తించదు. పాఠాన్ని నిలవ చేసే ముందు ఏకరూపీకరణ జరపాలి. కంటికి కనిపించని విభాజక చిహ్నాలు పదాల మధ్య దాగి ఉండి వెతుకులాటను చెడగొట్టడం కూడా ఇటువంటిదే. మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయత్తులను డేటాబేస్‌గా కూర్చదలచినవారికి మొదటి పదంలోనే ఈ పరీక్ష ఎదురవుతుంది.

5.5 అకారాది క్రమం. బడిలో నేర్చిన వర్ణమాలలో ళకారం హకారం తరువాత వస్తుంది. యూనికోడ్ వరుసలో లకారం పక్కనే ఉంటుంది. కనుక సంకేతాల వరుసను మాత్రమే అనుసరించి పేర్చితే ‘ఆళ్లగడ్డ’ ముందూ, ‘ఆవు’ తరువాతా వస్తాయి. సంప్రదాయ క్రమంలో ‘ఆవు’దే ముందు స్థానం. పదసూచికలు, నిఘంటువులు తయారుచేసేవారు తాము ఏ క్రమాన్ని పాటిస్తున్నారో ముందే ప్రకటించి, దానికి తగిన క్రమసూచికను యంత్రానికి ఇవ్వాలి.

5.6 మారే సరిహద్దులు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆళ్లగడ్డ అందులో చేరింది. 2011 జనగణనలో 40 లక్షలకు పైగా జనాభాతో నమోదైన కర్నూలు జిల్లా, 2022 తరువాతి పట్టికల్లోని కర్నూలు జిల్లా పేరుకు ఒకటే, నేలకు రెండు. ఈ భేదాన్ని గమనించకుండా రెండు సంవత్సరాల అంకెలను పక్కపక్కన పెడితే జనాభా హఠాత్తుగా తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రతి జిల్లా నమోదుకూ ఆరంభ తేదీ, ముగింపు తేదీ చేర్చి, మండలాన్ని ప్రాథమిక ప్రమాణంగా తీసుకుంటే ఈ దోషం తొలగుతుంది. 1928కి ముందటి పత్రాల్లో ‘రాయలసీమ’ అని వెతికేవాడు ‘దత్తమండలాలు’ అనే మాటను కూడా జోడించుకోవాలన్నదీ ఇదే సూత్రం. నాటి నంద్యాల సమావేశం ఒక ప్రాంతపు ఆత్మగౌరవాన్ని నిలబెట్టింది. ఆ మార్పును గుర్తుంచుకోవలసిన బాధ్యత పత్రాలను వెతికేవారిది.

6. దత్తాంశ విశ్లేషణ: లెక్కలో మాయమైన నంద్యాల

ఒక గ్రంథంలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడం శైలీ పరిశోధనలో తొలి మెట్టు. దీనికి నేడు పైథాన్ భాషను విరివిగా వాడుతున్నారు. పాఠాన్ని పదాలుగా విడగొట్టడానికి అందులో ఉన్న ప్రామాణిక సూత్రం ‘అక్షరం లేదా అంకె’ అనే వర్గానికి చెందిన సంకేతాల గుంపును పదంగా గుర్తిస్తుంది. తెలుగు హల్లులు, అచ్చులు ఆ వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు ఆ వర్గంలో లేవు. ఆంగ్లానికి అవసరం లేని ఈ గుర్తులను ఆ సూత్రం పదాల మధ్య విరామంగా భావిస్తుంది.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. ‘నంద్యాల’ అనే పదం న, ద, య, ల అనే నాలుగు ముక్కలవుతుంది. యంత్రాభ్యాసంలో వాడే సైకిట్-లెర్న్ ఉపకరణంలోని పదగణన విధానం మరొక అడుగు ముందుకు వేస్తుంది. ఒకే సంకేతమున్న ముక్కలను పదాలుగా లెక్కించకుండా వదిలివేయడం దాని స్వతస్సిద్ధ నియమం. కాబట్టి నంద్యాల మొత్తం మాయమవుతుంది. ‘ఆళ్లగడ్డ’ నుంచి ‘ఆళ’, ‘లగడ’ అనే రెండు నిరర్థక పదాలు మిగులుతాయి. ‘అహోబిలం’లో ‘అహ’ ఒక్కటే, ‘రాయలసీమ’లో ‘యలస’ ఒక్కటే నిలుస్తాయి.

ఇందులో ప్రమాదకరమైన అంశం, ప్రోగ్రాము ఎక్కడా ఆగకపోవడం. దోషసూచన రాదు. పట్టికలు వస్తాయి, చిత్రపటాలు వస్తాయి, శాతాలు వస్తాయి. ఫలితాన్ని పదస్థాయిలో చదివి చూసే తెలుగువాడు లేకపోతే ఆ అంకెలు పరిశోధన ఫలితాలుగా అచ్చవుతాయి. గుణింతం లేని పదాలు ఎక్కువగానూ, గుణింతాలు, ఒత్తులు నిండిన పదాలు తక్కువగానూ లెక్కకు వస్తాయి. సంస్కృత సమాసాలు అధికంగా ఉన్న ప్రబంధాన్నీ, తేలిక పదాలున్న జానపద గేయాన్నీ ఇలా పోల్చితే వచ్చే తేడా కవుల శైలీభేదం కానే కాదు. అది ఆ సూత్రం సృష్టించిన భేదం.

పరిష్కారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. తెలుగుకు కేటాయించిన 3072 నుంచి 3199 వరకున్న స్థానాలన్నింటినీ, వాటితో వచ్చే విభాజక చిహ్నాలనూ పదభాగాలుగా స్పష్టంగా ప్రకటించాలి. పైథాన్‌లోనే ‘రెజెక్స్’ అనే అదనపు ఉపకరణం ఈ గుర్తులను పదంలో భాగంగానే గ్రహిస్తుంది. విశ్లేషణ మొదలుపెట్టే ముందు తెలిసిన పది పదాలను ఇచ్చి, అవి చెక్కుచెదరకుండా తిరిగి వస్తున్నాయో లేదో పరీక్షించడం ప్రతి పరిశోధకుడూ అలవరచుకోవలసిన పద్ధతి. సిద్ధాంత గ్రంథంలో పదవిభజన విధానాన్ని ఆకర గ్రంథాల పట్టికంత శ్రద్ధగా పేర్కొనాలి.

7. మొబైల్: చిన్న తెర మీద పెద్ద పరీక్ష

7.1 సందేశం నిడివి. మొబైల్‌లో తెలుగు ప్రవేశించిన తొలి మార్గం సంక్షిప్త సందేశం. ఆంగ్లంలో ఒక సందేశంలో 160 చిహ్నాలు పడతాయి. తెలుగుకు పదహారు బిట్ల సంకేతాలు అవసరం కాబట్టి హద్దు 70కి పడిపోతుంది. ఒక సంయుక్తాక్షరానికే మూడు నాలుగు సంకేతాలు ఖర్చవుతాయి కాబట్టి నిజానికి పట్టేది ఇంకా తక్కువ. తెలుగును ఆంగ్ల లిపిలో రాసే అలవాటు బలపడటానికి ఈ లెక్క కూడా ఒక కారణమని భావించవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన ఐఎస్ 16333 మూడవ భాగం దేశంలో అమ్మే ఫోన్లన్నింటిలోనూ 22 షెడ్యూల్డు భాషల సందేశాలు చదివే వీలుండాలని నిర్దేశించింది.

7.2 తెగిన పేర్లు. చిన్న తెరమీద పొడవైన పేరును కుదించి చూపడం మామూలే. ‘నంద్యాల’ను నాలుగవ సంకేతం దగ్గర కత్తిరిస్తే ‘నంద్’ మిగులుతుంది. ‘ఆళ్లగడ్డ’ను ఏడవ సంకేతం దగ్గర కత్తిరిస్తే ‘ఆళ్లగడ్’ అవుతుంది. ఒత్తు పోయి పొల్లు తేలుతుంది. ఊరి పేరు హిందీ మాటలా కనిపిస్తుంది. కత్తెర అక్షరాల మధ్య పడాలి, సంకేతాల మధ్య కాదు.

7.3 2018 నాటి వైఫల్యం. అక్షర నిర్మాణాన్ని వ్యవస్థ సరిగా గ్రహించకపోతే ఎంత నష్టం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. జకారం, పొల్లు, ఞకారం, వాటి తరువాత కంటికి కనిపించని విభాజకం, చివర ఆకారపు గుణింతం ఉన్న ఒక వరుస ఆపిల్ ఫోన్లలో తెరమీదకు వస్తే, దాన్ని చూపే అనువర్తనం కుప్పకూలింది. ప్రపంచ పత్రికలు దాన్ని ‘తెలుగు అక్షరం’ చేసిన అనర్థంగా ప్రకటించాయి. నిజానికి మనం రాసే ‘జ్ఞానం’లో ఆ విభాజకం ఉండదు. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ అటువంటి వరుసలు అదే ఫలితాన్నిచ్చాయి. దోషం అక్షరానిది కాదు, సంయుక్తాన్ని రూపొందించే ప్రోగ్రాముది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 కూర్పుతో ఆ సంస్థ దాన్ని సరిచేసింది. తెలుగు పాఠాలతో ముందే విస్తృతంగా పరీక్షించి ఉంటే ఇటువంటి దోషం విడుదలకు ముందే బయటపడే అవకాశం ఉండేది.

7.4 2023 నాటి సవరణ. పాఠాన్ని వినియోగదారు దృష్టిలో అక్షరాలుగా ఎలా విడగొట్టాలో చెప్పే నియమాలు యూనికోడ్‌లో చాలాకాలంగా ఉన్నాయి. అయితే అవి సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విడదీసేవి. ఆ లెక్కన నంద్యాల నాలుగు ముక్కలు: నం, ద్, యా, ల. ఆళ్లగడ్డ ఆరు ముక్కలు. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పులో తెలుగు సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదనే నియమం చేరింది. ఇప్పుడు నంద్యాలకు మూడు, ఆళ్లగడ్డకు నాలుగు. ఛందస్సు చదివిన విద్యార్థి మొదటినుంచీ చెబుతున్న లెక్క అదే. యంత్రం అక్కడికి చేరడానికి 1991 నుంచి 32 ఏళ్లు పట్టింది. తెలుగు పద్యాల గణవిభజన చేసే దిలీప్ మిరియాల ‘ఛందం’ వంటి ఉపకరణాలు సంప్రదాయపు అక్షర భావననే పునాదిగా చేసుకొని పనిచేస్తున్నాయి.

8. శాసనాక్షరాల ప్రవేశం

సంకేతాల గది 1991లోనే పూర్తి కాలేదు. అవగ్రహం, దంత్య చ, జలు 2008లో చేరాయి. రేనాటి చోళుల శాసనాల్లో కనిపించే ‘ఴ’కారానికి 2014 నాటి 7.0 కూర్పులో చోటు దొరికింది. ప్రాచీన శాసనాల్లోని ‘ౚ’ అక్షరానికి 2015లోనూ, నకారపొల్లుకు 2021లోనూ సంకేతాలు లభించాయి. అంతవరకు ఈ సీమ శాసనాలను యథాతథంగా కంప్యూటర్‌లో ఎక్కించే వీలు లేకపోయింది. సంపాదకులు ళకారంతోనో ఱకారంతోనో సరిపెట్టుకోవలసి వచ్చింది. అప్పట్లో ఎక్కించిన శాసన పాఠాల ఆధారంగా ధ్వనిపరిణామాన్ని చర్చించేవారు ముద్రిత పాఠంతోనూ, శాసన ప్రతిబింబంతోనూ సరిచూసుకోవాలి. ఒక కొత్త అక్షరం యూనికోడ్‌లో చేరాలంటే ప్రయోగ ఆధారాలు చూపాలి. ఆ ఆధారాలు శాసన పరిష్కర్తల కృషి నుంచే లభిస్తాయి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. తెలుగు కంప్యూటింగ్‌లో తరచు ఎదురయ్యే చిక్కులకు మూలం వర్ణం, అక్షరం, కోడ్ పాయింటు అనే మూడు ప్రమాణాల మధ్య ఉన్న అంతరం. ఆ అంతరం 1988 నుంచి 1991 వరకు జరిగిన సంకేత నిర్ణయాల నుంచి వచ్చింది. ఆ నిర్ణయాలు నాటి పరిమితుల్లో సమంజసమైనవే. వాటి పర్యవసానాలను మాత్రం ప్రోగ్రామర్లకే వదిలివేయడం సమంజసం కాదు. వర్ణక్రమ భేదాలను గుర్తించడం, అకారాది క్రమాన్ని నిర్ణయించడం, సంయుక్తాక్షరాన్ని నిర్వచించడం, ప్రాచీన లిపిరూపాలకు ఆధారాలు చూపడం తెలుగు శాఖలు తరతరాలుగా చేస్తున్న పనులే.

పరిశోధన విద్యార్థుల తొలి సంవత్సర పాఠ్యాంశాల్లో యూనికోడ్ నిర్మాణం, పాఠ ఏకరూపీకరణ, పదవిభజన పరీక్ష అనే మూడింటిని చేర్చడం అవసరం. తెలుగు శాఖ, కంప్యూటర్ శాఖ ఒకే కళాశాల ఆవరణలో ఉన్నచోట ఉమ్మడి ప్రాజెక్టులుగా స్థానిక గ్రామనామాల రూపాంతర పట్టికలను సిద్ధం చేయించవచ్చు. నంద్యాల జిల్లా గ్రామనామాలతో ఈ పని మొదలుపెడితే, అది పరిశోధకునికి పదసూచికగానూ, ప్రోగ్రామర్‌కు పరీక్షా దత్తాంశంగానూ, సొంత ఊరి పేరు సరిగా కనిపించాలని కోరుకునే పౌరునికి ఆధారపత్రంగానూ ఉపయోగపడుతుంది.